మండీ చెంగల్రాయుడి బిడ్డల చదువు: సమ్మతి గౌరీ వ్రతకథ

పసుపు ముద్దలో కొలువుండి, పిలిచిన ఇంట పలికెడి సమ్మతి గౌరీదేవికి నమస్కరించి, ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి, ఫోనులు పక్కన బెట్టి, ఈ కథను శ్రద్ధగా వినవలెను.

పూర్వము పినాకినీ నదీతీరమున దీర్ఘశ్రవుడను మహాముని తపస్సు చేసుకొనుచుండెను. ఒకనాడు శాంతవ్రతుడను ముని ఆయన ఆశ్రమమునకు వచ్చి, కాళ్ళు కడిగికొని, ఫలములారగించి, వినయముగా ఇట్లడిగెను: “మహాత్మా, కలియుగమున విద్యాశాలలు లెక్కకు మిక్కిలిగా వెలయుననియు, బిడ్డను ఏ శాలకు పంపవలెనో తెలియక తల్లిదండ్రులు తల్లడిల్లుదురనియు, ఒక్క ఇంటివారే మాటామాటా పెరిగి అన్నము ముందునుండి లేచిపోవుదురనియు వింటిని. బిడ్డ మనసు నొవ్వక, పెద్దల భయము తీరి, చదువు చక్కగా కుదురుటకు వ్రతమేదైన కలదా?”

దీర్ఘశ్రవుడు సంతోషించి, “లోకమునకు మేలైన మాట అడిగితివి. అట్టి వ్రతము కలదు. దాని పేరు సమ్మతి గౌరీ వ్రతము. దానిని విడిచి చెడి, చేసి బాగుపడిన ఒక కుటుంబము కథ చెప్పెదను. అది ఇకముందు జరుగబోవునదే యైనను, నా కన్నులకు జరిగినట్లే కనబడుచున్నది. వినుము” అని చెప్పసాగెను.

మదనపల్లె పట్టణమున చెంగల్రాయుడను మండీ వర్తకుడు ఉండెను. చుట్టుపక్కల పల్లెల రైతులు తెచ్చిన టమోటాలను వేలము వేయించుట అతని పని. కాటాలో మోసమెరుగడు, మాటలో కోపమెరుగడు. రైతులు అతనిని అన్నా యని పిలిచి, ఇతర మండీలు దాటుకొని అతని వద్దకే వచ్చెడివారు. అతని భార్య మునిలక్ష్మి. వారికి గిరిధరుడను కొడుకు, లోహిత యను కూతురు కలిగిరి. చెంగల్రాయునికి ఒకటే కోరిక ఉండెను. ఎండకు ఎండి వానకు తడిసి తాను పడిన పాటు తన బిడ్డలు పడరాదు, వారు నీడపట్టున కూర్చుండి బ్రతుకవలెను అని అతడు అనుదినము దేవుని వేడుకొనెడివాడు.

గిరిధరుడు ఇంటరు ముగించిన యేట అతనికి రెండు చోట్ల సీటు వచ్చెను. ఊరిలోని డిగ్రీ కళాశాలలో కామర్సు ఒకటి. ఉత్తరదేశమున పేరుమోసిన విశ్వవిద్యాలయములో కంప్యూటరు ఇంజనీరింగు రెండవది. ఆ శ్రావణమాసమున తాంబూలమునకు వచ్చిన ఒక వృద్ధ ముత్తైదువ మునిలక్ష్మిని చూచి, బిడ్డ చదువు నిర్ణయించుటకు ముందు సమ్మతి గౌరీ వ్రతము చేయుమని చెప్పి, విధానమంతయు వివరించి వెడలిపోయెను. ఆ విధానమేమనగా, పసుపుతో గౌరిని చేసి, పుస్తకములు ముందుంచి, పూజించి, పెద్దలందరును గుప్పిట అక్షతలు పట్టుకొనవలెను. చదువబోవు బిడ్డ మొదట మాటాడవలెను. ఆ బిడ్డ ముగించువరకు పెద్దలు గుప్పిట విప్పరాదు, నోరు మెదపరాదు. పిమ్మట ఎవరి భయము వారు దాచక చెప్పుకొనవలెను. అందరి మనసులు ఒక్కటైన పిదపనే అక్షతలు గౌరిపై వేయవలెను.

మునిలక్ష్మి ఈ మాట భర్తకు చెప్పగా అతడు నవ్వెను.

“పూజ చేసుకోమ్మే, నేనొద్దనను. అందురూ కూర్చోని వాణ్ని అడిగేదేముండాది? నిన్నామొన్నటి పిల్లోడు, వానికేం తెలుసు?” అనెను.

బెంగుళూరులో కంపెనీ ఉద్యోగము చేయుచున్న మునిలక్ష్మి తమ్ముడు దామోదరము కూడ కంప్యూటరు చదువే చదువని ఫోనులో చెప్పెను. ఇంకేమున్నది, వ్రతము మానిరి. గిరిధరుని రైలెక్కించిరి. అతడు ఏమియు అనలేదు గనుక ఇష్టపడినాడని అందరును తలచిరి.

గౌరీదేవి ముఖము తిప్పుకొనెను. గిరిధరునకు ఆ చదువు ఒంటబట్టలేదు. మొదట ఒక పరీక్ష తప్పెను, పిదప అన్నియు తప్పెను. తప్పిన సంగతి ఇంటికి చెప్పజాలక బాగున్నానని చెప్పుచు వచ్చెను. హాస్టలులో మెస్సుకు పోవుట మానెను. నిద్ర మానెను. తుదకు ఒకనాడు చదువు సగములో విడిచి, పెట్టె పట్టుకొని, సగమైన మనిషియై ఇల్లు చేరెను. వచ్చినది మొదలు గది విడిచి రాడాయెను. తండ్రి ఎదుటబడిన తల దించుకొనెను. చెంగల్రాయుడును ఏమి మాటాడవలెనో తెలియక మాటలు మానెను. ఆ దిగులు కోపమై మండీలో బయటపడెను. రైతులమీద కసరుకొనుట మొదలుపెట్టెను. రైతులు కొన్నాళ్ళు ఓర్చుకొనిరి, పిదప ఒక్కొక్కరే పక్క మండీకి పోయిరి. బండ్లు బారులు తీరిన వాకిట కుక్కలు పడుకొనెను.

ఇట్లుండగా లోహిత ఇంటరు ముగించెను. ఆమె చిన్ననాడు కురబలకోటలో అమ్మమ్మ ఇంట, కడుపులో అడ్డము తిరిగిన దూడను పశువుల డాక్టరు బయటకు తీసి తల్లి ఆవును బ్రతికించుట చూచినది. ఆనాటినుండి ఆ చదువే తన చదువనుకొనెను, కాని పైకి చెప్పలేదు. ఆమెకును రెండు సీట్లు వచ్చెను. సముద్రతీరమున అద్దాల మేడలతో వెలసిన విశ్వవిద్యాలయములో దంతవైద్యము ఒకటి. తిరుపతిలో పశువైద్యము రెండవది.

ఈ మారు మునిలక్ష్మి పట్టుబట్టి వ్రతము చేయించెను. గౌరిని నిలిపెను, దీపము పెట్టెను, పాయసము వండెను. చెంగల్రాయుడు గుప్పిట అక్షతలు పట్టుకొనెను. దామోదరము బెంగుళూరునుండి ఫోనులో కూర్చుండెను. గిరిధరుడు మాత్రము గదిలోనే యుండెను, అతనిని ఎవరును పిలువలేదు. లోహిత నోరు విప్పి, తనకు తిరుపతికి పోవలెనని ఉన్నదని ఒక్క మాట అనెనో లేదో, చెంగల్రాయుడు ఆగలేకపోయెను.

“మనుషులకు డాక్టరయ్యే సీటు పెట్టుకోని గొడ్లకాడికి పోతానంటావా? పేడలో నిలబడేదానికా నిన్ను చదివించింది?” అనెను. చేయి ఊపుటలో గుప్పిట విడి అక్షతలు నేల రాలెను. ఫోనులో దామోదరమును అవునవుననెను.

లోహిత తల దించుకొని, “మీ ఇష్టం నాయినా” అనెను.

ఆ మాటను అందరును సమ్మతిగా తలచి పాయసము తినిరి. తిరుపతిలో చేరవలసిన గడువు దాటిపోయెను. దంతవైద్యమునకు పోవుటకు పెట్టె, బకెట్టు, దుప్పట్లు కొనిరి. కాని లోహిత ఒక్క వస్తువునైన ఏరుకొనలేదు. అన్నము ముందు కూర్చుండి మెతుకులు కెలికి లేచుచుండెను. కొడుకు రైలెక్కిన దినముల ముఖమే కూతురి ముఖమున మునిలక్ష్మికి కనబడెను.

ఒక మధ్యాహ్నము వంటింటి గోడకు చేరగిలబడి మునిలక్ష్మి కునుకు తీయగా, తాంబూలమునకు వచ్చిన ఆ వృద్ధ ముత్తైదువయే కలలో కనబడెను. ఆమె ఒడలంతయు పసుపు కాంతి వెలుగుచుండెను. సాక్షాత్తు గౌరీదేవియే యని గ్రహించి మునిలక్ష్మి ఆమె పాదములు పట్టుకొనెను. అంత ఆ తల్లి, “అమ్మా, పూజ చేసితివి, పాయసము పెట్టితివి. కాని నీ బిడ్డ మాట నాకు వినబడలేదు. మీ ఇష్టము అన్నది సమ్మతి కాదు. అది అలసట. ఇంట ఒకరిని పిలువక చేసిన వ్రతమును వ్రతము కాదు. మరల చేయుము” అని చెప్పి అంతర్ధానమాయెను.

మునిలక్ష్మి మేలుకొని, మండీనుండి అప్పుడే వచ్చిన భర్తకు సర్వమును చెప్పెను. చెంగల్రాయుడు గిరిధరుని గది గడప వద్దకు పోయి చూచెను. అన్నయు చెల్లెలును ఒక్క మంచముపై చెరొక చివర కూర్చుండి, ఇద్దరును గోడను చూచుచుండిరి. ఒకడిని పోగొట్టుకొని రెండవదానిని కూడ పోగొట్టుకొనబోవుచుంటినని తొలిసారిగా భయపడెను. వెంటనే దామోదరమునకు ఫోను చేసి, ఎన్ని పనులున్నను స్వయముగా రమ్మనెను.

శుక్రవారము ఉదయమున మరల గౌరిని నిలిపిరి. చెంగల్రాయుడు తానే పోయి కొడుకును పిలిచి తన పక్కన కూర్చుండబెట్టుకొనెను. పెద్దలందరును గుప్పిట అక్షతలు పట్టిరి. లోహిత చాలసేపు ఊరకుండెను. ఎవరును తొందరపెట్టలేదు. తుదకు ఆమె చెప్పసాగెను.

“పళ్ళ డాక్టరు చదువు తక్కువని కాదు నాయినా. నాకు దాని మీద మనసు లేదు. నోరు లేని జీవానికి నొప్పి యాడుండాదో చూసి చెప్పేది నాకిష్టం. మన రైతులు టమోటా పోయిన యేడు ఆవుల మీదనే కదా బతికేది. ఆ ఆవు పడిపోతే వాళ్ళింట్లో ఏమయితాదో నీకే బాగా తెలుసు. పేడలో నిలబడేదానికి నాకు నామోషీ లేదు.”

చెంగల్రాయుడు గుప్పిట బిగించుకొని వినెను. కరవు యేట తమ ఆవును పట్టుకొని ఏడ్చిన రైతుల ముఖములు అతనికి గుర్తుకు వచ్చెను. ఆమె ముగించిన పిదప, చదువు సగములో ఆగినవాడు గనుక గిరిధరుని కూడ చెప్పుమనిరి. అతని గొంతు చాలనాళ్ళకు ఇంటివారికి వినబడెను.

“అప్పుడే చెప్పాలనుకున్న్యా నాయినా. కామర్సు చదువుకుంటా నీతో మండీకి రావాలని ఉన్నింది. నువ్వు వేలం పాడతాంటే చూసేది నాకు చిన్నప్పట్నించీ ఇష్టం. నువ్వేమో మండీ పేరెత్తితే చాలు, నీకొద్దురా ఈ బతుకు అంటివి. ఇంక ఎట్ల చెప్పేది?”

చెంగల్రాయునికి కన్నీరు ఆగలేదు. తన వంతు రాగా, తాను చేయు పనిని తానే చిన్నచూపు చూచితిననియు, బిడ్డలు కష్టపడుదురను భయము తప్ప వేరొకటి తన మనసున లేదనియు చెప్పుకొనెను. దామోదరము తన భయమును దాచలేదు. రేపు బిడ్డలు వెనుకబడిన మంచి మాట చెప్పలేదని అక్క తననే నిందించునని, అందుకే అందరును పోవు దారినే చూపితినని ఒప్పుకొనెను. మునిలక్ష్మి నవ్వి, నిన్నేమీ అననులేరా అని తమ్ముని వీపు తట్టెను.

ఇక మిగిలినది కష్టమైన మాట. పశువైద్యమున మిగిలిన సీట్లకు రెండవ కౌన్సెలింగు జరుగవలసియున్నది. అందులో సీటు వచ్చునో రాదో ఎవరికిని తెలియదు. అంతకు ముందే దంతవైద్యమున చేరుటకు గడువు ముగియును. ఒకచోట చేరి మరియొకచోటికి మారుటకు వీలులేదు. ఉన్నది విడువవలెనా అని అందరును తలపోసిరి. చెంగల్రాయుడు కూతురి వైపు తిరిగి, రాకపోయిన నేమి చేయుదువని అడిగెను. ఇంకొక యేడు చదివి మరల వ్రాసెదనని ఆమె చెప్పెను.

“సరే. ఇంకో యేడు ఇంట్లోనే ఉండు. బిడ్డ ఇంట్లో ఉంటే నాకేం బరువు?” అని చెంగల్రాయుడు లేచి, మొదటి అక్షతలు తానే గౌరిపై వేసెను. తక్కినవారును వేసిరి. ఆ పూట అందరును కలిసి భోజనము చేసిరి. గిరిధరుడు రెండవమారు పప్పు అడిగి వేయించుకొనెను. మునిలక్ష్మి వడ్డించుచు వడ్డించుచు పైటతో కన్నులొత్తుకొనెను.

దంతవైద్యపు గడువు దాటిపోయెను. ఎవరును ఎవరిని ఒక్క మాట అనలేదు. గిరిధరుడు తండ్రితో మండీకి పోవసాగెను. కొడుకు పక్కన నిలిచిన చెంగల్రాయుని ముఖమున పాత నవ్వు తిరిగి వచ్చెను. దారిన పోవు రైతులు అది చూచి, ఒక బండి, మరియొక బండి ఇటు మళ్ళించిరి.

ఒకనాటి ఉదయము వేలము ముమ్మరముగా సాగుచుండగా చెంగల్రాయునికి కూతురు ఫోను చేసెను.

“నాయినా, వచ్చింది. తిరుపతిలోనే.”

అతడు ఫోను చెవిన పెట్టుకొనియే పక్కనున్న ఖాళీ పెట్టె బోర్లించి దానిమీద కూలబడెను. చుట్టునున్న రైతులు కీడేదో జరిగినదని కంగారుపడి నీళ్ళు తెచ్చిరి. అతడు తల అడ్డముగా ఆడించి, నవ్వి, ఏడ్చి, మా పాప డాక్టరయితాదంట అని వారికి చెప్పెను. ఏ డాక్టరని ఒకడు అడుగగా, “మీ ఆవులకప్పా” అనెను. అప్పుడు రైతులందరును నవ్విరి. ఆగిన వేలమును గిరిధరుడు అందుకొని తండ్రి గొంతుతోనే పాడెను.

అటుపిమ్మట గిరిధరుడు ఊరి కళాశాలలో కామర్సు చదివి ఉత్తీర్ణుడై, మండీని తండ్రికంటె మిన్నగా నడిపెను. లోహిత పశువైద్యురాలై, పిలిచిన పల్లెకు పోయి, ఎన్నియో కొట్టములలో దూడలను నిలబెట్టెను. చెంగల్రాయుడును మునిలక్ష్మియు ఏటేట శ్రావణ శుక్రవారమున గౌరిని కొలిచి సుఖముగా నుండిరి.

ఇట్లు దీర్ఘశ్రవుడు చెప్పగా శాంతవ్రతుడు మిక్కిలి ఆనందించి, ఎవరెవరు ఈ వ్రతము చేయదగినవారని అడిగెను. ఆ మహాముని ఇట్లు చెప్పెను: “ఫలితములకై ఎదురుచూచు బిడ్డలు గలవారు, రెండు సీట్ల నడుమ నిద్ర మానినవారు, కోరినది రాక కుమిలిపోవువారు, చదువు సగములో విడిచి ఇల్లు చేరిన బిడ్డను ఎట్లు పలుకరింపవలెనో తెలియనివారు, సలహాలిచ్చు మేనమామలు, పినతండ్రులు, మేనత్తలు దీనిని చేయవలెను. తమ కాలమున ఏమి చదివెదవని తమనెవ్వరును అడుగని పెద్దలు తప్పక చేయవలెను. దీనివలన బిడ్డలకు చదువున మనసు నిలుచును. పెద్దలకు నిద్ర పట్టును. తండ్రీకొడుకులకు మాటలు కలియును. పోయిన రాబడి తిరిగి వచ్చును. ఒకవేళ కోరిన సీటు రాకున్నను, ఆ ఇంట ఎవరును ఒంటరిగా ఏడువరు.”

ఈ కథ చదివినవారికిని విన్నవారికిని సమ్మతి గౌరి చల్లని చూపు కలుగుగాక. కథ ముగిసినది గనుక ప్రసాదమును మొదట చదువబోవు బిడ్డ చేతికిచ్చి, ఆకలి తీరువరకు ఏ ప్రశ్నయు అడుగక తిననీయవలెను.