నోట్లో తాంబూలం

రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి.

పూర్వం బట్టల వర్తకుడు గవరయ్య దివాలా తీశాడు. నేతపనివాళ్లు అతని నుంచి రావలసిన బాకీలో పావు వంతే తీసుకుని, తమ చీరలు దాచేసిన అతని బావమరిది శేషప్పను కూడా వదిలేయాలని న్యాయాధికారి ఒప్పందం చదివాడు. "నోరు తెరిచి కాదనని వాళ్లంతా ఒప్పుకున్నట్టే!"

నలభై చీరలు పోగొట్టుకున్న చౌడమ్మ లేచింది. "దొరా, మగ్గాల చప్పుడులో మావాళ్లు సగంమంది సభకు రమ్మన్న దండోరానే వినలేదు."

"పలకలేదుగా? ఒప్పుకున్నట్టే."

చౌడమ్మ తగ్గలేదు. బుగ్గ నిండా తాంబూలంతో కూర్చున్న శేషప్ప వైపు తిరిగింది. "శేషప్పగారూ, మా బాకీ మొత్తం మీరే తీరుస్తారు కదూ?"

సభలో ఉమ్మితే కొరడాదెబ్బలు. శేషప్ప గాభరాగా అడ్డంగా తల ఊపాడు.

"తల ఊపితే చెల్లదు, నోరు తెరవాలి! మావాళ్ల మౌనం చెల్లితే ఈయనదీ చెల్లాలి. రాసుకోండి దొరా!"

సభ గొల్లుమంది. శేషప్పను వదిలేసే మాటను న్యాయాధికారి ఒప్పందంలోంచి తన చేత్తోనే కొట్టేశాడు.

ఇక ఇళ్లకు పోయి అన్నాలు తినండి. అమ్మ మారు వడ్డించేటప్పుడు వద్దంటే నోరు తెరిచి చెప్పండి, లేకపోతే ఒప్పుకున్నట్టే!