ఫర్నేసుకు కట్టిన రుమాలు

పిల్లలూ, ఇంత దూరదేశంలో పెరుగుతున్న మీకు ఈ కథ చెప్పినవాళ్ళు లేరు. నేను విన్నంతవరకే చెబుతాను. ఎక్కడ కల్పించి చెబుతానో అని నాకు భయం.

విశాఖపట్నంలో కృపానందం గారనే రసాయనశాస్త్ర గురువు ఉండేవారు. ప్రయోగశాలలోని ఫర్నేసు, అంటే కరెంటు కొలిమి, వేడెక్కడం మొదలవగానే ఆయన దాని తలుపు పిడికి తన రుమాలు ముడివేసేవారు. చల్లారేదాకా ఆ ముడి ఎవరూ విప్పకూడదు.

ఆయన శిష్యురాలు వకుళ సీరియం అనే లోహాన్ని సేంద్రియ పదార్థంతో జతచేసి, వానాకాలమంతా కాచుకుని స్ఫటికాలు పెంచింది. వాటిని కొద్దిపాటి గాలిలో నిదానంగా కాలిస్తే సేంద్రియ భాగం పొగై పోవాలి. అది ఉన్న చోటల్లా కంటికి కనబడని రంధ్రాలు ఏర్పడి, సీరియం ఆక్సైడు మిగలాలి. మిగలకపోతే ఆమె పరిశోధన అక్కడితో ఆగిపోతుంది.

"ఇంత కష్టపడి పెంచినదాన్ని నిప్పుకు ఎలా అప్పగించను సార్? లోపల ఏమవుతోందో చూడకుండా ఎలా ఉండను?" అని అడిగింది.

గురువుగారు స్ఫటికాల్లో సగం గిన్నెలో పోసి ఫర్నేసులో పెట్టి, రుమాలు కట్టి, క్లాసుకు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి మాడు వాసన మొదలైంది. వకుళ ఒక్క క్షణమే కదా అని ముడి విప్పి, తలుపు ఓరగా తీసింది. గాలి లోపలికి దూసుకుపోయింది. నల్లబడిన పొడి భగ్గున ఎర్రగా వెలిగింది.

చల్లారాక చూస్తే అది కుంచించుకుపోయి గట్టిపడింది. గురువుగారు దానిమీద ఒక నీటిచుక్క వేశారు. చుక్క ఇంకలేదు, పైనే నిలిచింది. ఆ మంటకు రంధ్రాలన్నీ పూడుకుపోయాయి.

"వాసన వచ్చింది సార్. అంతా పోతోందనుకున్నాను."

"పోవలసింది పోతుంటే వాసన రాదా అమ్మా?" అంటూ మిగతా సగం ఆమె ముందు పెట్టారు.

"ఈసారి రుమాలు తలుపుకు వద్దు. నా చేతులకు కట్టండి."

"నీ సంగతి నాకు తెలియదా? పళ్ళతో విప్పుకుంటావు" అని ఆయన రుమాలు ఆమెకే ఇచ్చారు. ముడి ఆమే వేసింది.

మళ్ళీ అదే వాసన, మొదటిసారికన్నా ఘాటుగా. ఇది పోతే ఇక ఒక్క రేణువు మిగలదు. వకుళ ఫర్నేసు ఎదుటే కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుంది. భయం తగ్గలేదు. ఒకసారి లేచింది కూడా. పిడిదాకా వెళ్ళిన చెయ్యి ముడిని తాకి వెనక్కి వచ్చింది.

పూర్తిగా చల్లారాక గురువుగారు ముడి విప్పారు. లేత పసుపు పొడి, ఊదితే ఎగిరేంత తేలిక. నీటిచుక్క పడీపడగానే మాయమైంది. వకుళ ఏడ్చేసింది.

"దక్కింది సార్. నా చేతుల మీదుగా ఇదొక్కటైనా దక్కింది."

గురువుగారు రుమాలు దులిపి జేబులో పెట్టుకున్నారు. "ఆ రంధ్రాలు నువ్వు చేసినవి కావమ్మా. నువ్వు తలుపు తీయలేదు, అంతే."

పిల్లలూ, లోపల మీరేం చేస్తున్నారో చూడాలని మూసిన మీ గది బయట నిలబడ్డప్పుడల్లా ఆ మాట నాకు గుర్తొస్తుంది. రేపు మీ పిల్లలకు కూడా ఈ కథ చెప్పండి.