పుల్లమ్మ కళ్ళం

మన తాతల తాతలు గోచీ కట్టడం కూడా నేర్వని రోజుల్లో, రేగుమళ్ళ అనే ఊళ్ళో పుల్లమ్మ అనే ముసలామె ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. ఒక గేదె, ధాన్యం నూర్చుకునే ఒక చిన్న కళ్ళం, అంతే ఆమె సంసారం.

ఏటా వేసవి మొదట్లో రేగుమళ్ళ పిల్లలూ పక్క ఊరు గుమ్మపాడు పిల్లలూ పెద్ద బీడులో వంపు కర్రలతో బంతాట ఆడేవాళ్ళు. గెలిచిన ఊరి పశువులకే కొండమీద గడ్డి. రేగుమళ్ళ ఒక ఏడు ఓడింది. మరో ఏడు ఓడింది. మూడో ఏడూ ఓడింది. పుల్లమ్మ గేదెకి డొక్కలు తేలాయి. ఇంకో వేసవి అది బతకదని ఆమెకి బెంగ పట్టుకుంది.

పుల్లమ్మ బీడు గట్టున కూర్చుని తమ ఊరి పిల్లల ఆట చూసింది. సన్నాసి అనే బలమైన కుర్రాడు బంతిని ఆ చివరికి కొడతాడు. మిగతావాళ్ళు దాని వెనక పరుగెత్తి రొప్పుతారు. వాళ్ళ కర్రకి బంతి తగిలితే ఒట్టు.

"నా కళ్ళంలో ఆడండర్రా! బంతి కళ్ళం దాటిందా, కొట్టినోడే పేడ తెచ్చి అలకాల" అంది.

ఊరిపెద్ద నాయుడు పగలబడి నవ్వాడు. "కోళ్ళగంపంత చోట ఆటేటే పుల్లమ్మా?"

"పేడ తట్ట ఎత్తినోళ్ళకి తెలుస్తాది బాబూ."

మొదట్లో సన్నాసే రోజూ అలికాడు. తర్వాత అప్పుడప్పుడూ అలికాడు. ఆఖరికి అలకడమే మానేశాడు. బంతి కర్రని వదలడం లేదు మరి. అందరి కర్రలకీ బంతి అందింది.

ఆట ఇంకో వారం ఉందనగా పుల్లమ్మ జ్వరంతో పోయింది. సన్నాసి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆట రోజున గుమ్మపాడు పిల్లలు అతన్ని చుట్టుముట్టారు. పాత అలవాటుకొద్దీ కర్ర పైకెత్తాడు. పేడ తట్ట గుర్తొచ్చింది. కర్ర దించి బంతిని మెల్లగా నెట్టాడు. అది కాళ్ళ సందుల్లోంచి ఒకడికి, వాడినుంచి ఇంకొకడికి, వాడినుంచి బీడు చివర గురిగా పెట్టిన రాళ్ళ మధ్యకి పోయింది. రేగుమళ్ళ గెలిచింది.

కొండమీదికి ముందుగా ఎవరి పశువు ఎక్కాలన్న మాటే రాలేదు. నాయుడే పుల్లమ్మ గేదె పలుపు పట్టుకుని నడిచాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఆటకి ముందు చిన్న చోటు అలుకుతారు. పసివాళ్ళకి అక్కడే కర్ర పట్టిస్తారు. ఎవరి బంతి అలుకు దాటినా అందరిదీ ఒకటే కేక: "పుల్లమ్మ పిలుస్తోంది, తట్ట ఎత్తు!"

నాయుడి ఇంటి పిల్లాడైనా సరే, ఎత్తాల్సిందే.