ఒంటికాలి పరీక్ష

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏటి ఒడ్డున ఒక కాలేజీ. దాన్ని పెట్టింది కొంగ పంతులు. అందుకని అక్కడ ఏం చదవాలన్నా ప్రవేశ పరీక్ష ఒకటే. పొద్దంతా నీళ్లలో ఒంటికాలి మీద నిలబడాలి. పాటకీ అదే, వైద్యానికీ అదే, బొరియలు తవ్వడానికీ అదే. ఇదేం పరీక్ష అని ఎవరూ అడగలేదు.

సూదమ్మ అనే ముళ్లపందికి బొరియలు తవ్వడం నేర్చుకోవాలని మహా కోరిక. మొదటి ఏడాది నిలబడగానే బోర్లాపడింది. రెండో ఏడాది చేప తగిలి పడింది. గట్టు మీద కొంగపిల్లలు కిలకిలా నవ్వాయి.

"ఈ ఒక్క ఏడాదీ ఓర్చుకోవే. సీటొస్తేనే మనకి పరువు," అంది వాళ్లమ్మ.

మూడో ఏడాది సూదమ్మ నీళ్లలో దిగింది. తన గోళ్లు చూసుకుంది. వెనక్కి తిరిగి గట్టెక్కేసింది.

"నాకు తవ్వాలనుందమ్మా. కొంగనైపోవాలని లేదు," అంది.

అమ్మ ఆ రోజునుంచి మాట్లాడటం మానేసింది.

సూదమ్మ పందికొక్కు బాబాయి దగ్గరికెళ్లింది. "నేను పట్టా ఇవ్వలేనమ్మాయ్. నా దగ్గర గోళ్లు అరుగుతాయి, అంతే," అన్నాడాయన.

"అరగనీ బాబాయ్," అంది.

తవ్వింది. మట్టి నెత్తిన పడింది. మళ్లీ తవ్వింది. బాబాయి తిట్టాడు, నేర్పాడు.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. కుందేళ్ల బొరియల్లోకి నీళ్లొచ్చాయి. తల్లులు పిల్లల్ని నోట కరుచుకుని కాలేజీకి పరిగెత్తాయి. అక్కడ తామరాకు మీద రాసిన పట్టాలున్నవాళ్లు బోలెడుమంది. తవ్వే గోళ్లున్నవాళ్లు ఒక్కరూ లేరు. గోళ్లున్నవాళ్లెవరూ ఆ పరీక్ష దాటలేదు మరి.

సూదమ్మ తవ్వడం నేర్చిందని విని కొంగ పంతులు ఆమె ఇంటికొచ్చాడు. "నీకు సీటిస్తాం. పేరుకి, అందరి ముందూ ఒక్క క్షణం ఒంటికాలి మీద నిలబడు. మా విద్యార్థినిగా వెళ్లి తవ్వుదువుగాని."

అమ్మ ఆశగా చూసింది.

"నేను తవ్వాలంటే నాలుగు కాళ్లూ నేల మీదుండాలి పంతులుగారూ," అంది సూదమ్మ. "కుందేళ్ల కోసం ఇప్పుడే వెళ్తున్నా. మీ పేరు మీద మాత్రం పిడికెడు మట్టి తియ్యను."

"పట్టా లేకుండా నిన్నెవరు నమ్ముతారు?"

"తడిసిన పిల్లల్ని అడగండి."

వానలోనే మెట్ట నేల మీదికి వెళ్లి తవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి పక్కన ఇంకో జత గోళ్ల చప్పుడు వినిపించింది.

"జరగవే. ఈ వైపు మట్టి నేను లాగుతా," అంది అమ్మ.

వాన వెలిసే సరికి కుందేలు పిల్లలు పొడి మట్టిలో నిద్రపోతున్నాయి. ఆ మర్నాడు ఒక కొంగపిల్ల బెరుగ్గా వచ్చింది. "అక్కా, నేనూ నేర్చుకోవచ్చా? నాకు నీలాంటి గోళ్లు లేవు."

"ముక్కుందిగా. అడ్డమొచ్చిన చెట్ల వేళ్లు తెంపు. ఇక్కడ మాత్రం రెండు కాళ్ల మీదా నిలబడు," అంది సూదమ్మ.

నీతి: నీకు సరిపడని కొలత ముందు వంగకు, నీ చేతికి తెలిసిన పని వైపు తలెత్తుకుని నడువు.