నాలుగోసారి మార్చిన మెమరీ

"ఎంత మెమరీ ఇమ్మంటారు మాస్టారూ? ఒక్క అంకె చెప్పండి చాలు," అని సుభాషిణి గుమ్మంలోనే అడిగింది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది. మూస్తే లోపల నడుస్తున్న ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోతుందోనని ల్యాప్‌టాప్‌ని తెరిచే పట్టుకుని వచ్చింది.

అప్పలస్వామి మాస్టారు విజయనగరంలో చదరంగం నేర్పుతారు. అంతకుముందు ముప్పై ఏళ్లు రైల్లో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేశారు. అంకె అడిగినవాళ్లకి ఆయన అంకె చెప్పగా ఎవరూ వినలేదు, పని చెబుతారు. అది తెలిసి కూడా అడిగిందంటే పాపం ఆమె కంగారు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఒకప్పుడు పోస్టుకార్డుల మీద ఎత్తులు రాసి పంపుకుంటూ ఆడిన చదరంగమే ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఆడుతున్నారు. ఒక్కో ఎత్తుకి రోజుల గడువు ఉంటుంది, కంప్యూటర్ సాయం తీసుకోవచ్చు. సుభాషిణి మూడేళ్లుగా ఆడుతున్న పోటీలో ఇది ఆఖరి ఆట. ఓడకుండా బయటపడితే జాతీయ జట్టులో చోటు దొరుకుతుంది, ఓడితే మూడేళ్ల శ్రమా గంగపాలు. సాయంత్రం ఆరింటిలోగా ఎత్తు పంపాలి. ఆ ఒక్క ఎత్తూ తప్పితే ఇక కోలుకునే దారి లేదు.

చదరంగం ప్రోగ్రాం తాను చూసిన స్థితులన్నీ మెమరీలో దాచుకుంటుంది, చూసిందే మళ్లీ చూడకుండా. నిండినా ఆగదు, అక్కరలేని పాతవి చెరుపుకుంటూ సాగుతుంది. పొద్దున్న ఆమె కొంచెం మెమరీ ఇచ్చి, చాలదేమోనని గంటకల్లా పెంచింది. ఆ తర్వాత ఉన్నదంతా ధారపోసింది. తన సొంత పనికే చోటు మిగలక కంప్యూటర్ చతికిలబడింది. మళ్లీ తగ్గించింది. మార్చినప్పుడల్లా అంతవరకూ దాచుకున్నది చెరిగిపోయి ప్రోగ్రాం మొదటికొస్తుందని ఆమెకి తెలియనిది కాదు. అయినా చెయ్యి ఊరుకోదు.

"ఇప్పుడు నడుస్తోందా?" అన్నారు మాస్టారు.

"నడుస్తోంది మాస్టారూ. కానీ ఇది నాలుగో అంకె. ఇదీ తప్పేమోనని గుండెల్లో రైళ్లు పరిగెడుతున్నాయి."

"నడవనీ. ఈలోగా నాకో పని చేసిపెట్టమ్మా."

ఆయన రైల్లో ఉత్తరాలు వేరుచేసే రకం, చిన్న చిన్న అరల్లా గళ్లున్న చెక్కబల్ల ఒకటి తెచ్చి ఆమె ముందు నిలబెట్టారు. తనతో ఆడినవాళ్లు రాసిన పాత పోస్టుకార్డులు మూడు వందలదాకా చాప మీద పోశారు. ఊరి పేరునిబట్టి ఏ గడిలో కార్డు ఆ గడిలో పెట్టమన్నారు. సుభాషిణి ఒక కన్ను ల్యాప్‌టాప్ మీదే ఉంచి మొదలుపెట్టింది. సగం అయ్యాక, "గళ్లు చాలేలా లేవు మాస్టారూ," అంది.

"అలాగా," అని ఆయన బల్ల ఎత్తి, సర్దిన కార్డులన్నీ చాప మీదికి దులిపేశారు. లోపల్నుంచి పెద్ద బల్ల తెచ్చారు.

పెద్దాయన మాట కాదనలేక ఆమె చిందిన కార్డులు పోగుచేసుకుంది. మళ్లీ మొదలుపెట్టింది. కటక్ ఒక గడి, కోయంబత్తూరు ఒక గడి, నాగపూర్ ఒక గడి. ఈసారి సగం దాటింది. మాస్టారు వెనక నిలబడి గడ్డం గోక్కున్నారు.

"ఇది మరీ పెద్దదైపోయిందేటో," అంటూ బల్ల అంచు పట్టుకున్నారు.

సుభాషిణి చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "వద్దు మాస్టారూ! చిన్నదో పెద్దదో దీంతోనే చేస్తాను. ఇంకో పావుగంటలో అయిపోతుంది. ముట్టుకోకండి!"

అరిచినంత పని చేసి, తర్వాత సిగ్గుపడి చెయ్యి వదిలింది. మాస్టారు బల్ల వదిలేసి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. కార్డులన్నీ గళ్లలోకి చేరేసరికి మూడున్నర దాటింది.

అప్పుడు ఆమె ల్యాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుంది. 

"మాస్టారూ, ఇచ్చిన మెమరీ నిండిపోయిందంటోంది. ఇంకా రెండున్నర గంటలుంది. ఇంకొక్కసారి, కొంచెమే పెంచనా?" అడుగుతూనే ఆమె వేలు మీట మీదికి వెళ్లింది.

మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

"నీ చెయ్యి పట్టుకోడానికి ఆ ప్రోగ్రాంకి చేతుల్లేవమ్మా," అన్నారు.