గవ్వలపాలెంలో మోగని మైకు

చింతరేవు హార్బరులో మత్స్యకారుల సంఘానికి ప్రోగ్రాములు రాసిపెట్టే ఫణీంద్ర మహా తెలివైనవాడే గాని, తెరిచినదాన్ని మూసే అలవాటు బొత్తిగా లేని మనిషి. ఫ్యాను వేస్తే కట్టేయడు. అలమర తీస్తే తలుపు వెయ్యడు. వాళ్లమ్మ వెనకాలే తిరుగుతూ అన్నీ సర్దుకొచ్చేది. ఎన్నిసార్లు చెప్పాలిరా అని ఆవిడ విసుక్కుంటే నవ్వేసి ఊరుకునేవాడు. ఇంట్లో అయితే అమ్మ ఉంది, సరే. ఆఫీసులో కంప్యూటర్ వెనకాల ఏ అమ్మ తిరుగుతుంది, మీరే చెప్పండి.

సంఘం కోసం అతను రాసిన ప్రోగ్రాం మాత్రం మెచ్చుకోదగ్గదే. గాలి మారుతోందని వాతావరణం సైటులో కబురు పడగానే అది తనంతట తానే ఎక్సెల్ తెరిచి ఊళ్ల పట్టిక చూసుకునేది. తర్వాత వర్డ్ తెరిచి ఏ ఊరికి తగ్గ హెచ్చరిక ఆ ఊరికి రాసేది. ఆ హెచ్చరిక నెట్ మీదుగా వెళ్లి ఊరి రామమందిరం మైకులో గట్టిగా వినిపించేది. బోటు నీళ్లలోకి తోసే ముందు మైకు కోసం ఓ క్షణం ఆగడం రేవు ఊళ్లన్నింటికీ అలవాటైపోయింది. మైకు మోగితే ఆగిపోయేవారు. మోగకపోతే సముద్రం బాగానే ఉందనుకుని వేటకు వెళ్లిపోయేవారు.

ఇక్కడ కాస్త ఆగి మీకో సంగతి చెప్పాలి. ప్రోగ్రాం పిలిస్తే వచ్చే ఎక్సెల్, వర్డ్ తెర మీద కనిపించవు. లోపల ఎక్కడో కూర్చుని పని చేస్తాయి. పని అయ్యాక 'ఇక వెళ్లు' అని ప్రోగ్రామే చెప్పాలి. చెప్పకపోతే కదలవు, కూర్చున్న చోటు ఖాళీ చెయ్యవు. పెళ్లి భోజనాల్లో తిన్నవాళ్లు లేవకపోతే రెండో బంతికి చోటెక్కడిది? ఇదీ అంతే.

ఫణీంద్ర ఆ 'వెళ్లు' అనే మాట రాశాడు. రాయకపోలేదు. కాని ప్రోగ్రాం చివరి వరసలో రాశాడు. పని సజావుగా సాగితే ప్రోగ్రాం ఆ వరస దాకా వచ్చి అన్నింటినీ మూసేది. మధ్యలో నెట్ తెగిపోయిందా, అక్కడే ఆగిపోయి మళ్లీ మొదటికి వెళ్లేది. కొత్త ఎక్సెల్‌ని తెరిచేది. పాత ఎక్సెల్ మాత్రం ఎవరికీ కనపడకుండా లోపలే ఉండిపోయేది.

సంఘం ఆఫీసులో కంప్యూటర్ చూసుకునే అమ్మాయి పేరు పైడితల్లి. ఆమెది గవ్వలపాలెం. నాన్న ఎల్లాజీ, చిన్నాన్న మసేను ఇద్దరూ ఒకే బోటు మీద వేటకు వెళ్లేవారు. సాయంత్రమయ్యేసరికి కంప్యూటర్ బరువెక్కిపోతోందని ఆమె ఫణీంద్రకు చెప్పింది. పొద్దున్నే ఒకసారి రీస్టార్ట్ చేసుకోమన్నాడు. కొన్నాళ్లకు మళ్లీ చెప్పింది. లోపల ఏదో నిండిపోతోంది సార్, ఒక్కసారి చూడండి అని బతిమాలినట్టే అడిగింది.

"రీస్టార్ట్ చేస్తే పోతోంది కదా పైడితల్లీ, ఇంకేం కావాలి?" అన్నాడు ఫణీంద్ర.

ఆ అమ్మాయికి అదే పనైపోయింది. రోజూ పొద్దున్నే రావడం, రీస్టార్ట్ చెయ్యడం, అప్పుడు మిగతా పని. ఫణీంద్రకు తన ప్రోగ్రాంలో లోపమే లేదనిపించింది. ఎందుకనిపించదు? ఆ లోపాన్ని రోజూ ఇంకొకరు తుడుస్తున్నారు మరి.

అలా ఉండగా కార్తీకంలో వాయుగుండం పుట్టింది. ఉత్తరానికి పోతుందనుకున్నది ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి చింతరేవు వైపు తిరిగింది. ఇక్కడ మాత్రం ఆకాశం తేటగానే ఉంది. అలాంటి రోజున లోకమంతా వాతావరణం సైటు మీదే పడుతుంది కదా. సైటు తెరుచుకోవడం, మధ్యలో తెగిపోవడం, పొద్దున్నించీ అదే వరస. తెగినప్పుడల్లా ప్రోగ్రాం మళ్లీ మొదలయ్యేది. మొదలైనప్పుడల్లా ఇంకో ఎక్సెల్, ఇంకో వర్డ్ లోపల చేరేవి. పొద్దున చేసిన రీస్టార్ట్ మధ్యాహ్నానికే ఎందుకూ పనికిరాకుండా పోయింది. అసలు కబురు సైటులో పడేసరికి కంప్యూటర్‌లో వీసమంత చోటు కూడా మిగల్లేదు. తెర బిగుసుకుపోయింది. ఏ ఊళ్లోనూ మైకు మోగలేదు.

పైడితల్లి గబగబా రీస్టార్ట్ చేసింది. ఆ పాత కంప్యూటర్ ఒక పట్టాన లేవలేదు. సంఘం వాళ్లు తలో ఫోనూ పట్టుకుని ఊళ్లకు కబురు చెప్పడం మొదలుపెట్టారు. చాలా ఊళ్లలో బోట్లింకా కదల్లేదు, వాళ్ల అదృష్టం. గవ్వలపాలెంలో మాత్రం ఎవరూ ఫోనెత్తలేదు. మగవాళ్లంతా అప్పటికే ఒడ్డున ఉన్నారు. ఇంజన్ల మోతలో ఎవరికేం వినపడుతుంది?

పైడితల్లి స్కూటీ తీసింది. ఒడ్డుకు చేరేసరికి ఊరి బోట్లు అలలు దాటేశాయి. చున్నీ తీసి ఊపింది. గొంతు పోయేదాకా అరిచింది. నాన్న బోటులో వెనక కూర్చున్న మనిషి చిన్నాన్నేనని గుర్తుపట్టింది. ఆయన వెనక్కి తిరగలేదు.

పొద్దు వాలేలోపే గాలి రేగింది. మిగతా బోట్లన్నీ ఎలాగో ఒడ్డు పట్టాయి. ఎల్లాజీ బోటు రాలేదు. మర్నాడు ఎల్లాజీ డీజిల్ డబ్బా పట్టుకుని పక్క ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ప్రాణంతో ఉన్నాడు. తమ్ముడు మసేను లేడు.

ఊరంతా సముద్రాన్నే తిట్టుకుంది. మసేను పెళ్లాం సముద్రపు దేవత గంగతల్లికి శాపనార్థాలు పెట్టింది. కంప్యూటర్ మాట ఎవరి నోటా రాలేదు. ఫణీంద్ర నోరు మూసుకుని ఉంటే అది ఎన్నటికీ బయటపడేది కాదు. కాని తుఫాను వెలిశాక అతను ఆఫీసుకొచ్చి, ఆ రోజు ఏం జరిగిందో ఒక్కొక్కటే తవ్వి చూశాడు. కంప్యూటర్ రాసిపెట్టుకున్న చిట్టాలో, ఆ రోజు మూతపడకుండా ఉండిపోయిన ఎక్సెల్‌లు, వర్డ్‌లు గుంపులుగా బయటపడ్డాయి.

పైడితల్లి పక్కనే నిలబడి ఉంది.

"వీటిని ఎవరు తెరిచారు సార్?" అని అడిగింది.

"నేనే," అన్నాడు. "తెరిచింది నేనే. మూయనిదీ నేనే."

ఆమె గట్టిగా ఏడ్చింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు ఫణీంద్ర. ఆమె తిట్టలేదు.

అప్పుడు మొదలుపెట్టాడు అసలు పని. ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోయినా, ఎందుకు ఆగిపోయినా, తాను తెరిచినవాటిని మూసి, పట్టుకున్న చోటు వదిలిపెట్టాకే బయటికి వచ్చేలా తిరగరాశాడు. రాసి ఊరుకోలేదు. కావాలని నెట్ వైరు పీకాడు. కావాలని పట్టిక చెడగొట్టాడు. ప్రతిసారీ లోపల ఒక్క ఎక్సెలైనా మిగిలిందా అని వెతికాడు. ఏదీ మిగలడం లేదని నమ్మకం కుదిరాక గవ్వలపాలెం వెళ్లాడు.

ఆ రోజు ఎల్లాజీ వేరేవాళ్ల బోటు మీద వేటకు వెళ్లి అప్పుడే వచ్చాడు. వలలో చేపన్నది లేదు. అయినా బోటును ఇసక మీదికి లాగి గుంజకు కట్టాడు. ఇంజను కడిగి గుడ్డ కప్పాడు. ఉత్త వలనే విదిలించి, ఆరేసి, అప్పుడు తలెత్తి చూశాడు. ఫణీంద్ర అంతసేపూ నిలబడి ఆ చేతులనే చూస్తున్నాడు. జరిగినదంతా దాచకుండా చెప్పాడు. తన బద్ధకం చెప్పాడు, మీ అమ్మాయి ముందే చెప్పినా వినలేదనీ చెప్పాడు.

ఎల్లాజీ సముద్రం వైపు తిరిగాడు.

"మైకు మోగలేదని వెళ్దామన్నది నేనే బాబూ," అన్నాడు. "తమ్ముడు ఆ పూట వద్దన్నాడు. నేనే లాక్కుపోయాను. ఇక వాడు రాడు. ఆ మైకు మాత్రం మళ్లీ ఎప్పుడూ మూగబోకూడదు."

ఫణీంద్ర తల వంచుకుని ఆయన చేతులు పట్టుకున్నాడు. ఇప్పటికీ ఏ ప్రోగ్రాం రాసినా తెరిచే వరస కింద ముందుగా మూసే వరస రాసి, ఆ తర్వాతే మధ్యలో పని రాస్తాడట. ఇంట్లో ఫ్యాను కూడా తనే కట్టేస్తాడు. వాళ్లమ్మ అది చూసి సంతోషించలేదు. కొడుకు అంత ఖరీదుకు నేర్చుకున్నాడని ఆవిడకు తెలుసు.

పిల్లలూ, ఇందులో నీతి ఇది: తెరిచినదాన్ని తెరిచినవాడే మూయాలి, పని సవ్యంగా జరిగిన రోజునే కాదు, మధ్యలో చెడిపోయిన రోజున కూడా మూసి లేస్తేనే ఆ పని పూర్తి చేసినట్టు.