అరిగిన కడియం

"గురువుగారూ, నా పనిలో ఇంకా ఏం తక్కువ?" అని అడిగింది భ్రమరాంబ.

కాకినాడలో పెట్టిన హస్తకళల సంతలో అది ఆరో రోజు. సోమలింగాచారి దగ్గర ఇత్తడి, రాగి నగల పని నేర్చుకోవడం మొదలుపెట్టి ఆమెకి ఎనిమిదేళ్లయింది. బల్ల మీద సగం ఆయన నగలు, సగం ఆమెవి. ఆమెవి తళతళలాడుతున్నాయి. ఆయనవి కాస్త నల్లగా, మోటుగా ఉన్నాయి. అయినా జనం ఆయన వైపే ఆగుతున్నారు, ఇంటి కబుర్లు కూడా చెప్పుకుంటున్నారు. ఆమె వైపు కన్నెత్తి చూసినవాళ్లు లేరు. భర్త పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేడు. ఇంతమంది మధ్య కూర్చున్నా అదే బతుకైంది. ఈ సంత ముగిసేలోగా ఒక్కరైనా బాగుందనకపోతే సుత్తి మళ్లీ ముట్టనని ఆ పొద్దున్నే ఒట్టు పెట్టుకుంది.

ఆచారికి అడగ్గానే జవాబు చెప్పే అలవాటు లేదు. అంతలో ఒక యాభయ్యేళ్లావిడ వచ్చి, చేతికున్న ఇత్తడి కడియం తీసి ఆయన ముందు పెట్టింది. అది వాళ్లమ్మదట. అతుకు దగ్గర చిన్న మొన లేచి చీర పట్టేస్తోందట.

ఆయన కడియం చుట్టూ వేలు తిప్పాడు. "మీ అమ్మగారు రోట్లో రుబ్బేవారా?"

ఆవిడ తెల్లబోయింది. "మీకెలా తెలుసండీ?"

"ఈ పక్కన పల్లం పడింది. రోలు అంచుకి తగిలి తగిలి అరిగినట్టుంది."

"ఇడ్లీపిండి రుబ్బి అమ్మేదండి. ముగ్గురు పిల్లల్ని ఆ రుబ్బుడుతోనే పెంచింది. పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. ఊరికే కూచుంటే చాలు, నా బొటనవేలు ఆ పల్లంలోకే పోతుందండి."

ఆచారి కడియాన్ని భ్రమరాంబ చేతికిచ్చి, "ఈ మొన ఒక్కటీ తీసెయ్యమ్మా" అని చెప్పి భోజనానికి లేచాడు. ఆవిడ సంత చూసొస్తానని వెళ్లింది.

భ్రమరాంబ ఆ మాటలన్నీ విన్నది. విన్నదే గాని, ఆమె చూపంతా కడియం మీది నలుపు మీదే ఉంది. మొన ఒక్క నిమిషంలో పోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు. పల్లం కనబడకుండా పోయేదాకా చుట్టూ ఆకురాయితో అరగదీసింది. గరుకు కాగితంతో రుద్ది, చింతపండుతో తోమి, మెత్తటి గుడ్డతో మెరుగుపెట్టింది. మంచి పనిమంతురాలు, ఒక్క గీత కూడా మిగలనివ్వలేదు. అడగని పని ఇంత చేసిపెడితే ఎవరు మాత్రం సంతోషించరని మురిసిపోతూ కూర్చుంది.

ఆచారి చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆవిడ కూడా తిరిగొచ్చింది. కడియాన్ని వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"చాలా బాగుందమ్మా. మీరు చేసిందేనా?"

ఆరు రోజులుగా ఎదురుచూసిన మాట. భ్రమరాంబ మొహం విప్పారింది.

"మరి నాదేదమ్మా?" అంది ఆవిడ.

"ఇది మీదేనండీ."

ఆవిడ బొటనవేలు కడియం చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్లీ ఒకసారి తిరిగింది. ఎక్కడా ఆగలేదు. ఆవిడ కోప్పడలేదు. నాలుగు తిట్టినా బాగుండునని భ్రమరాంబకి అనిపించింది. ఆవిడ కడియాన్ని చేతికి తొడుక్కోకుండా సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

భ్రమరాంబకి ఏడుపు ఆగలేదు. "ఆవిణ్ణి పిలుచుకొస్తాను గురువుగారూ. ఆ పల్లం ఎలా ఉండేదో నాకు గుర్తుంది. మళ్లీ అలాగే చేసిస్తాను."

ఆచారి ఆమె చేతిలోని ఆకురాయి తీసి పక్కన పెట్టాడు.

"ఎన్నేళ్లు రుబ్బుతావమ్మా?" అన్నాడు.